నిజం చెబుతానన్న మనిషి



రోజూ పొద్దున్నే రీడింగ్ రూమ్‌లో పేపరు తిరగేస్తుంటే ఒక మాట మన కంటపడుతూనే ఉంటుంది. ఫలానా సంస్థ ఒక ప్రకటన విడుదల చేసిందనీ, ఫలానా శాఖ పత్రికలకు వివరాలు అందజేసిందనీ చదువుతుంటాం. జిల్లాకు ఒక పౌర సంబంధాల అధికారి ఉంటారు. రైల్వేకు, విశ్వవిద్యాలయాలకు, పెద్ద కంపెనీలకు పి.ఆర్.ఓ.లు ఉంటారు. ఒక సంస్థ తరఫున ప్రజలతో మాట్లాడటం వీరి పని. జర్నలిజం చదివి ఆ ఉద్యోగాల్లోకి వెళ్ళాలనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మన హాస్టళ్ళలో కూడా ఉన్నారు.

ఈ వృత్తికి పునాది వేసినవారిలో ముందుగా వినిపించే పేరు ఐవీ లీ. ఆయన అమెరికా దేశస్థుడు. ఆయనను ఆదర్శంగా తీసుకోండని చెప్పడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. అలాగని తిట్టిపోయడానికీ కాదు. ఒక మంచి నియమాన్ని లోకానికి చెప్పిన మనిషి, ఆ నియమాన్ని తానే ఎక్కడ జారవిడిచారో తెలుసుకుంటే మనకు మేలు జరుగుతుందన్న ఉద్దేశంతో రాస్తున్నాను.

బాల్యం, చదువు

ఐవీ లెడ్‌బెటర్ లీ 1877 జూలై 16న అమెరికా దక్షిణ ప్రాంతంలోని జార్జియా రాష్ట్రంలో, సీడర్‌టౌన్ అనే ఊరి దగ్గర జన్మించారు. తండ్రి జేమ్స్ వైడ్‌మన్ లీ మెథడిస్టు చర్చిలో బోధకులు. తండ్రి ప్రసంగాలు వింటూ పెరిగిన ఐవీకి మాటకున్న బలం చిన్ననాడే తెలిసింది. కొంతకాలం ఎమరీ కళాశాలలో చదివి, తర్వాత ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చేరి 1898లో పట్టభద్రుడయ్యారు.

చదువు ముగిశాక న్యూయార్క్ చేరి పత్రికా విలేకరిగా జీవితం ప్రారంభించారు. జర్నల్, టైమ్స్, వరల్డ్ పత్రికల్లో పనిచేశారు. వ్యాపార వార్తలు రాసేవారు. బ్యాంకులు, రైల్వేలు, పెద్ద పెద్ద కంపెనీల లోగుట్టు ఆయనకు అప్పుడే తెలిసింది. ఆ కంపెనీల యజమానులకు జనంతో మాట్లాడటం బొత్తిగా చేతకాదన్న సంగతి కూడా ఆయన గమనించారు.

1901లో వివాహమైంది. విలేకరి జీతం సంసారానికి చాలలేదు. 1903లో ఆ ఉద్యోగానికి స్వస్తి పలికి ఎన్నికల ప్రచార పనిలోకి దిగారు. 1904 అధ్యక్ష ఎన్నికల్లో డెమోక్రటిక్ పార్టీ ప్రచార కార్యాలయంలో పనిచేశారు. ఆ పార్టీ ఓడిపోయింది కానీ లీకి జార్జ్ పార్కర్ అనే అనుభవజ్ఞుడితో పరిచయమైంది. ఇద్దరూ కలిసి న్యూయార్క్‌లో ఒక ప్రచార సంస్థను స్థాపించారు.

ఆ కాలం ఎలాంటిది?

అప్పటి అమెరికాలో కొద్దిమంది చేతుల్లో అంతులేని సంపద పోగుపడింది. నూనె, ఉక్కు, బొగ్గు, రైల్వేలు అన్నీ వాళ్ళవే. వాళ్ళ చీకటి పనులను బయటపెట్టే పత్రికా రచయితలు కూడా అప్పుడే పుట్టుకొచ్చారు. ఐడా టార్బెల్ అనే మహిళ రాక్‌ఫెల్లర్ స్థాపించిన స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ చరిత్రను 1902 నుంచి ఒక మాసపత్రికలో వరసగా రాశారు. 1906లో అప్టన్ సింక్లేర్ తన నవలలో మాంసం ఫ్యాక్టరీల్లోని కార్మికుల దుస్థితిని చూపించారు. దేశమంతా అట్టుడికిపోయింది.

యజమానులకు తెలిసిన మార్గాలు రెండే. విలేకరి వస్తే తలుపు వేసుకోవడం, లేదా డబ్బో ఉచిత రైలు పాసో ఇచ్చి వార్తను మాయం చేయడం. 1902లో పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో లక్షకు పైగా కార్మికులు సమ్మె చేశారు. కార్మిక నాయకుడు జాన్ మిచెల్ విలేకరులతో ఓపిగ్గా మాట్లాడేవాడు. యజమానుల ప్రతినిధి జార్జ్ బేర్ నోరు విప్పేవాడు కాదు. జనం ఎవరి పక్షాన నిలిచారో వేరే చెప్పనక్కరలేదు. చివరికి దేశాధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ జోక్యం చేసుకోవలసి వచ్చింది.

1906లో మళ్ళీ సమ్మె సూచనలు కనిపించగానే ఆ బొగ్గు యజమానులే ఐవీ లీని పిలిపించుకున్నారు.

ఒక కొత్త ప్రతిజ్ఞ

ఆ సందర్భంలోనే లీ పత్రికా సంపాదకులందరికీ ఒక ప్రకటన పంపారు. ప్రజా సంబంధాల చరిత్రలో దానిని నియమావళి ప్రకటన అని చెప్పుకుంటారు. అందులోని సారాంశం ఇది. మాది రహస్యంగా నడిచే కార్యాలయం కాదు, చేసేదంతా బహిరంగంగానే చేస్తాం. మేమిచ్చేది వార్త, దానిని డబ్బు చెల్లించి వేయించుకునే ప్రకటనగా భావిస్తే మీరు వాడవద్దు. మేమిచ్చే విషయం సరైనదై ఉంటుంది. ఇంకా వివరాలు కావాలంటే వెంటనే అందిస్తాం. మీరు స్వయంగా నిజానిజాలు విచారించుకుంటామంటే అందుకూ సహకరిస్తాం.

ఈ రోజు చూస్తే ఇందులో వింతేముంది అనిపిస్తుంది. ఆనాడు మాత్రం ఇది చాలా పెద్ద మాట. ఎవరి తరఫున మాట్లాడుతున్నదీ దాచకుండా చెప్పడం, విచారించుకోండని సంపాదకుడినే ఆహ్వానించడం అప్పటి వ్యాపార ప్రపంచానికి కొత్త. తమ్ముళ్ళూ, ఇందులోని సరైన విషయం అన్న మాటను గుర్తుపెట్టుకోండి. ముందు ముందు దాని అవసరం వస్తుంది.

రైలు ప్రమాదం

అదే 1906లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ లీని నియమించుకుంది. అక్టోబరు 28న అట్లాంటిక్ సిటీ దగ్గర ఘోర ప్రమాదం జరిగింది. ఆ కంపెనీ అజమాయిషీలోని ఒక ఎలక్ట్రిక్ రైలు వంతెన మీద పట్టాలు తప్పి, పెట్టెలు నీళ్ళలో పడిపోయాయి. 50 మందికి పైగా మరణించారు.

అంతకుముందు రైలు ప్రమాదం జరిగితే కంపెనీలు దానిని కప్పిపుచ్చాలని చూసేవి. విలేకరులను దరిదాపులకు రానిచ్చేవి కావు. లీ దీనికి పూర్తిగా విరుద్ధమైన సలహా ఇచ్చారు. విలేకరులను ప్రమాద స్థలానికి రమ్మన్నారు. కంపెనీకి తెలిసిన వివరాలను కాగితం మీద రాసి అందరికీ ఒకేసారి అందజేశారు. మొట్టమొదటి పత్రికా ప్రకటన ఇదేనని ప్రజా సంబంధాల పాఠ్యపుస్తకాలు చెబుతాయి.

ఫలితం ఏమైంది? దాచిపెట్టి ఉంటే పుట్టే వదంతులు పుట్టలేదు. ఎప్పుడూ దుమ్మెత్తిపోసే పత్రికలు ఈసారి కంపెనీ తీరును మెచ్చుకున్నాయి. నిజాన్ని మనమే ముందు చెబితే నష్టం తగ్గుతుందన్న పాఠం వ్యాపారులకు అర్థమైంది. లీ జీవితంలో గర్వంగా చెప్పుకోదగిన ఘట్టం ఇది. ఆయన జీవితం ఇక్కడే ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం ఒక విజయగాథ అయ్యేది.

లడ్లో గుడారాలు

కొలరాడో రాష్ట్రంలోని బొగ్గు గనుల్లో అతి పెద్ద కంపెనీ కొలరాడో ఫ్యూయల్ అండ్ ఐరన్. దానిలో ఎక్కువ వాటా రాక్‌ఫెల్లర్ కుటుంబానిది. గని కంపెనీదే, కార్మికుడు ఉండే ఇల్లు కంపెనీదే, సరుకులు కొనే కొట్టు కూడా కంపెనీదే. ఇటలీ, గ్రీసు, మెక్సికో వంటి అనేక దేశాల నుంచి పొట్టచేతబట్టుకుని వచ్చిన వాళ్ళు అక్కడ పనిచేసేవారు.

1913 సెప్టెంబరులో వారు సమ్మెకు దిగారు. వాళ్ళ కోరికలు చూడండి. తమ సంఘాన్ని గుర్తించాలి. రోజుకు 8 గంటల పని ఉండాలి. తవ్విన బొగ్గును తూచేటప్పుడు తమ మనిషి దగ్గరుండాలి. నచ్చిన కొట్టులో సరుకులు కొనుక్కునే స్వేచ్ఛ కావాలి. రాష్ట్రంలో ఉన్న గనుల చట్టాలను అమలు చేయాలి. ఇందులో గొంతెమ్మ కోరిక ఒక్కటైనా ఉందా?

కంపెనీ వాళ్ళను ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టింది. కార్మికులు భార్యాబిడ్డలతో బయట మైదానాల్లో గుడారాలు వేసుకున్నారు. లడ్లో అనే చోట ఇలాంటి గుడారాల్లో సుమారు 1200 మంది ఆ చలికాలమంతా గడిపారు. తుపాకీ గుండ్ల నుంచి పిల్లలను కాపాడుకోవడానికి గుడారాల కింద గోతులు తవ్వుకున్నారు.

1914 ఏప్రిల్ 20న రాష్ట్ర సైనికులు, కంపెనీ కాపలాదారులు కలిసి ఆ గుడారాల మీద కాల్పులు జరిపారు. సాయంత్రానికి గుడారాలు తగలబడ్డాయి. ఒక గోతిలో దాక్కున్న ఇద్దరు స్త్రీలు, 11 మంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. కాల్పుల్లో మరణించిన వారితో కలిపి ఆ రోజు సుమారు 20 మంది ప్రాణాలు పోయాయి. దేశం నలుమూలల నుంచి రాక్‌ఫెల్లర్ పేరు మీద శాపనార్థాలు వినిపించాయి. న్యూయార్క్‌లో ఆయన కార్యాలయం ముందు జనం నిరసనకు దిగారు.

అప్పుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ కుమారుడు, జూనియర్ రాక్‌ఫెల్లర్, ఐవీ లీని సహాయం కోరారు.

జారిన అడుగు

లీ వరసగా కరపత్రాలు తయారు చేయించారు. కొలరాడో పోరాటానికి సంబంధించిన వాస్తవాలు అని వాటికి పేరు. చట్టసభ సభ్యులకు, సంపాదకులకు, ఉపాధ్యాయులకు, చర్చి బోధకులకు అవి దేశమంతా వెళ్ళాయి. చూడటానికి అంకెలతో, వివరాలతో ఎంతో నమ్మకంగా ఉండేవి.

కానీ ఆ వాస్తవాల్లో అబద్ధాలు దూరాయి. సంఘం నాయకులకు ఏడాది మొత్తానికి చెల్లించిన డబ్బును కేవలం తొమ్మిది వారాల జీతంగా చూపించారు. పేదల డబ్బుతో నాయకులు కులుకుతున్నారని చదివినవారు అనుకోవాలి కదా! కార్మికుల కోసం ఊరూరా తిరిగిన వృద్ధురాలు మదర్ జోన్స్ శీలం మీద ఏనాటిదో ఒక నీచమైన నిందను మళ్ళీ ప్రచారంలో పెట్టారు. పిల్లల చావుకు కాల్పులు కారణం కాదనీ, గుడారంలో పొయ్యి బోర్లాపడి నిప్పంటుకుని ఉంటుందనీ ఒక వాదనను వ్యాప్తి చేశారు.

ఈ సమాచారం లీ స్వయంగా కల్పించినది కాదు. కొలరాడోలోని కంపెనీ అధికారులు ఇచ్చినది. 1915 జనవరిలో పారిశ్రామిక సంబంధాలపై ప్రభుత్వం నియమించిన కమిషన్ ముందు లీ హాజరయ్యారు. ఆ కమిషన్ అధ్యక్షుడు ఫ్రాంక్ వాల్ష్. ఈ వివరాలు నిజమో కాదో తెలుసుకోవడానికి మీరు స్వయంగా ఏం చేశారని లీని అడిగారు. ఏమీ చేయలేదని ఆయన ఒప్పుకోవలసి వచ్చింది. కంపెనీ ఇచ్చింది, తాను అచ్చు వేయించారు. అంతే.

సరైన విషయమే ఇస్తామని 1906లో సంపాదకులకు మాట ఇచ్చిన మనిషి ఆయనే. విచారించుకోండని పత్రికలకు చెప్పిన ఆయన, తాను మాత్రం విచారించలేదు. అప్టన్ సింక్లేర్ ఆయన పేరుకు విషం అన్న మాట తగిలించి ఎగతాళి పేరు పెట్టారు. ఆ పేరు ఆయనను జీవితాంతం వదలలేదు.

ఇక్కడే మరొక సంగతి కూడా చెప్పడం న్యాయం. 1914 వేసవిలో లీ స్వయంగా కొలరాడో వెళ్ళి చూసి వచ్చారు. కార్మికులు తమ కష్టాలు చెప్పుకోవడానికే భయపడుతున్నారనీ, ఫిర్యాదులు విని పరిష్కరించే ఏర్పాటు ఏదైనా త్వరగా చేయాలనీ రాక్‌ఫెల్లర్‌కు తెలియజేశారు. అంటే లోపల యజమానికి చెప్పింది నిజం, బయట జనానికి పంచింది వేరు! చెవిలో చెప్పిన నిజాన్నే కాగితం మీద కూడా పెట్టి ఉంటే ఆయన చరిత్ర మరోలా ఉండేది.

1915 సెప్టెంబరులో జూనియర్ రాక్‌ఫెల్లర్ రెండు వారాలు కొలరాడోలో పర్యటించారు. గనిలోకి దిగారు, కార్మికులతో కలిసి భోజనం చేశారు, వారి కుటుంబాలతో నృత్యాల్లో పాల్గొన్నారు. వెంట వెళ్ళిన మెకంజీ కింగ్ తరువాత కెనడా ప్రధాని అయ్యారు. కార్మికులు తమ ప్రతినిధులను ఎన్నుకుని ఫిర్యాదులు చెప్పుకునే పథకం ఒకటి అమల్లోకి వచ్చింది. కొంత మేలు జరిగింది. అయితే అసలు కోరిక, సంఘాన్ని గుర్తించడం, అందులో లేదు. సమ్మె 1914 డిసెంబరులోనే ఓడిపోయి ముగిసింది. కంపెనీ చెప్పుచేతల్లో నడిచే ఇలాంటి సంఘాలను 1935లో అమెరికా కార్మిక చట్టం నిషేధించింది.

మేరీ పెట్రూచీ

లీ కథ చెప్పేటప్పుడు చాలామంది వదిలేసే పేరు ఒకటి ఉంది. ఆమె మేరీ పెట్రూచీ, గని కార్మికుడి భార్య. ఆ గోతిలో ఆమె ముగ్గురు బిడ్డలు చనిపోయారు. ఆమె ప్రాణాలతో బయటపడింది. కొద్ది వారాలకే మరికొందరు స్త్రీలతో, న్యాయమూర్తి బెన్ లిండ్సేతో కలిసి వాషింగ్టన్ వెళ్ళి దేశాధ్యక్షుడు విల్సన్‌ను కలిసి తమకు జరిగినది చెప్పుకుంది.

ఆమెకు ప్రచార కార్యాలయం లేదు, కరపత్రాలు లేవు, జీతమిచ్చి పెట్టుకున్న సలహాదారు లేడు. తన కళ్ళతో చూసినది మాత్రమే ఉంది. ఈనాడు లడ్లోలో గని కార్మిక సంఘం 1918లో నిలబెట్టిన స్మారక స్తంభం ఉంది. 2009లో ఆ స్థలాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. లీ కరపత్రాలు గ్రంథాలయాల్లో ఉన్నాయి, ఎలా రాయకూడదో చెప్పే ఉదాహరణగా.

చివరి సంవత్సరాలు

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో లీ అమెరికా రెడ్‌క్రాస్ ప్రచార బాధ్యత చూశారు. 1917లో 10 కోట్ల డాలర్ల విరాళాల సేకరణకు పిలుపునిస్తే జనం అంతకు మించి ఇచ్చారు. క్షతగాత్రుల సేవకు ఉపయోగపడిన ఆ పనిలో ఆయన ప్రతిభ సద్వినియోగమైందని చెప్పాలి.

తర్వాత ఆయన సంస్థ చాలా పెద్దదైంది. దానితోపాటే అతి పెద్ద పొరపాటు కూడా వచ్చింది. హిట్లర్ అధికారానికి వచ్చిన తరువాత ఐ.జి. ఫార్బెన్ అనే జర్మన్ రసాయనాల కంపెనీకి లీ సలహాదారుగా ఉన్నారు. ఏడాదికి 25,000 డాలర్ల ఫీజు. జర్మనీ పట్ల అమెరికన్ల అభిప్రాయం ఎలా మెరుగుపడుతుందో చెప్పడం ఆ పనిలో భాగం. యూదులను హింసించడాన్ని అమెరికన్లు ఎన్నటికీ ఆమోదించరని వారికి చెప్పానని ఆయన వాదించారు. చెప్పి ఉండవచ్చు. కానీ చెప్పిన తరువాత కూడా ఆ డబ్బు తీసుకుంటూనే ఉన్నారు.

1934లో అమెరికా చట్టసభ కమిటీ ఆయనను పిలిచి విచారించింది. జూలైలో ఆ వాంగ్మూలం బయటపడగానే పత్రికలన్నీ పతాక శీర్షికల్లో వేశాయి. అప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. అదే ఏడాది నవంబరు 9న మెదడులో కణితి వల్ల న్యూయార్క్‌లో కన్నుమూశారు. వయసు 57 సంవత్సరాలు. అందరి మంచి పేరు కోసం పనిచేసిన మనిషి తన పేరు నిలబెట్టుకునే అవకాశం లేకుండానే వెళ్ళిపోయారు. విదేశాల తరఫున అమెరికాలో ప్రచారం చేసేవారు తమ పేరు నమోదు చేసుకోవాలన్న చట్టం ఆ కమిటీ సిఫారసుల వల్లే 1938లో వచ్చింది.

మనం నేర్చుకోవలసినది

మన దేశంలో ప్రజా సంబంధాల రంగంలోని వారు ఏటా ఏప్రిల్ 21న జాతీయ దినం జరుపుకుంటారు. లడ్లోలో గుడారాలు తగలబడింది ఏప్రిల్ 20. ఇది కాకతాళీయమే అయినా, రేపు ఈ వృత్తిలోకి వెళ్ళే మన పిల్లలు పండుగకు ముందురోజు ఆ 11 మంది పిల్లలను ఒక్కసారి తలచుకోవాలని నా కోరిక.

ఏ హాస్టల్లో ఉన్నవాళ్ళకైనా తెలిసిన దృశ్యం ఒకటుంది. పై అధికారి తనిఖీకి వస్తున్నారంటే ముందురోజు గోడలకు సున్నం పడుతుంది, బీరువాలోని దుప్పట్లు మంచాల మీదికి వస్తాయి, ఆ పూట సాంబారు చిక్కబడుతుంది. అది ఆ ఒక్కరోజుకే. లీ అట్లాంటిక్ సిటీలో చేసింది తలుపు తెరవడం. కొలరాడో కరపత్రాల్లో చేసింది సున్నం వేయడం. రెండింటినీ ప్రజా సంబంధాలు అనే అంటారు. తేడా తెలుసుకోవలసింది మనమే.

మరి మనవైపు సంగతి? మనమూ అర్జీలు రాస్తాం. 12 కుళాయిల్లో 7 పనిచేయకపోతే ఒక్కటీ పనిచేయడం లేదని రాసేస్తాం. కోపంలో అలా వస్తుంది. కానీ విచారణకు వచ్చినవారు పనిచేసే 5 కుళాయిలను తిప్పి చూపి, అర్జీ మొత్తం అబద్ధమని పక్కన పడేస్తారు. డబ్బున్నవాడు ఒక అబద్ధం ఆడి దొరికినా మరో సలహాదారుని పెట్టుకోగలడు. మనకా వీలు లేదు. మనకున్న పెట్టుబడి మన మాట మీద నమ్మకం ఒక్కటే. కాబట్టి సంతకాలు పెట్టించే ముందు నలుగురు వెళ్ళి కుళాయిలు లెక్కపెట్టి రండి. 7 అని రాయండి. ఆ 7 ఎవరూ కొట్టివేయలేరు.

ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులకు కూడా ఒక విన్నపం. రేపు మీ బల్ల మీదికి ఒక కాగితం వస్తుంది. పైవారు పంపించినది, అంకెలతో ముచ్చటగా ఉంటుంది, మీ సంతకంతో బయటికి వెళ్ళాలి. ఆ అంకెల వెనుక ఎవరో ఒక మేరీ పెట్రూచీ ఉండవచ్చు. లేదా మన హాస్టల్లో మీ తరువాత చేరిన ఒక కుర్రవాడి తల్లిదండ్రులు ఉండవచ్చు. కమిషన్ ముందు లీని అడిగిన ప్రశ్నను సంతకానికి ముందే మీకు మీరు వేసుకోండి. ఇది నిజమో కాదో తెలుసుకోవడానికి నేను స్వయంగా ఏం చేశాను? జవాబు దొరికాకే కలం తీయండి.